పోర్ట్‌ఫోలియోలో ఐదు బతుకమ్మలు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున, మా అమ్మకు తెలిసినవాళ్ల అమ్మాయి లాప్‌టాప్ చంకన పెట్టుకుని హన్మకొండలో మా ఇంటికి వచ్చింది. డిగ్రీ ఆఖరి సంవత్సరం. డిజైన్‌లో మాస్టర్స్ చేయడానికి ఇంగ్లండ్ పోవాలనుకుంటోంది. సీటు కోసం తను చేసిన పనులన్నీ ఒకచోట పేర్చి పంపే పోర్ట్‌ఫోలియో తెచ్చింది. ‘అక్కా, పంపించే ముందు ఇది ఒక్కసారి చూడు, ఉన్నది ఉన్నట్టు చెప్పు’ అంది. ఉన్నది ఉన్నట్టు చెప్పమని అడిగేవాళ్లకు సాధారణంగా అది అక్కర్లేదు. అయినా కూర్చున్నాను. అమ్మ పెట్టిన సర్వపిండి చల్లారిపోయేదాకా చూశాం.

మొత్తం 24 పేజీలు. అందులో ఐదింట్లో బతుకమ్మ ఉంది. పోస్టర్ మీద ఒకటి, టీషర్ట్ మీద ఒకటి, సెంటు సీసా మూతగా ఒకటి, టేబుల్ లైటుగా ఒకటి, ఏదో యాప్ లోగోలో ఒకటి. ఇంకో రెండు పేజీల్లో గుడ్డ మీద గీసే చేర్యాల బొమ్మల ముఖాలు, వాటిలో ఒకటి ఫోన్ కవర్ మీద. ఒక హోటల్ మెనూ కార్డు చుట్టూ కాకతీయ తోరణం. గీత బాగుంది, రంగులు తెలుసు, అక్షరాలు పేర్చడం కూడా వచ్చు ఆ పిల్లకు. కానీ పదహారో పేజీకి వచ్చేసరికి ఎవరో కొత్త సంవత్సరానికి పంచిపెట్టిన టూరిజం కేలండర్ తిరగేస్తున్నట్టు అనిపించింది.

21వ పేజీ దగ్గర ఆగిపోయాను. వాళ్ల నానమ్మకు బీపీ, షుగర్. చదువు రాదు. మెడికల్ షాపులో పది గోళీల షీటును కత్తెరతో కోసి నాలుగు ఇస్తారు. మందు పేరు ఒక ముక్కలో పోతుంది, గడువు తేదీ ఇంకో ముక్కలో పోతుంది. ఆ నాలుగూ చిన్న కాగితం కవర్లో వేసి పైన 1-0-1 అని గీకి ఇస్తారు. నానమ్మ ఆ కవర్ల మూలలు మడుచుకుంటుందట: పొద్దటి గోళీకి ఒక మూల, రాత్రి గోళీకి రెండు మూలలు. ఈ అమ్మాయి ఆ మడతలు చూసింది. మడవడానికి వీలుగా ముందే గీతలు కొట్టిన కవర్ ఒకటి, ఎటు కోసినా ప్రతి గోళీ వెనకా పేరూ తేదీ మిగిలేలా షీటు ఒకటి గీసింది. పేజీ అంతా నలుపు తెలుపే.

‘ఇది మొదటి పేజీకి తీసుకురా, బతుకమ్మలు తీసెయ్’ అన్నాను. మొహం చిన్నబోయింది. ‘కన్సల్టెన్సీ మేడమే దాన్ని వెనక పెట్టమన్నరక్కా. మరీ మామూలుగా ఉందట. అక్కడివాళ్లకు మన కల్చర్ కావాలట’ అంది. నేను ఏదో గొప్పగా చెప్పబోతుంటే వంటింట్లోంచి మా అమ్మ, ‘నువ్వు మాత్రం జంపఖానాలు చూపెట్టే కదనే మార్కులు తెచ్చుకున్నవ్?’ అంది.

అమ్మ అన్నది నిజమే. అందుకే ఆ రోజు ఆ అమ్మాయికి సరైన జవాబు చెప్పలేకపోయాను. బయట చదువుకోవడానికి పోయే మన పిల్లలు వాళ్ల ఊరికి ప్రచారకులుగా పోనక్కర్లేదని నేను గట్టిగా నమ్ముతాను. వరంగల్ పిల్లకు బతుకమ్మ గీసే హక్కు ఎంత ఉందో కుళాయి గీసే హక్కూ అంతే ఉంది. ఈ మాటకు ఎదురు సాక్ష్యం మా ఇంట్లోనే ఉంది కాబట్టి కొంచెం పొడుగ్గా రాయాల్సి వస్తోంది.

మూడు పౌండ్లు

నేను 2016 సెప్టెంబర్‌లో డిజైన్ చదవడానికి లండన్ పోయాను. ఆ జూన్‌లోనే అక్కడివాళ్లు యూరోపియన్ యూనియన్‌లోంచి బయటికి పోతామని ఓటేశారు. వంద రూపాయల దగ్గర ఉన్న పౌండు అక్టోబర్ కల్లా 82 దాకా దిగింది. ఇంగ్లండ్‌కు దాని మంచిచెడ్డలేమో గానీ, ప్లాటు కుదువ పెట్టి లోన్ తీసుకున్న మా బాపుకు మాత్రం రెండో కిస్తీ ఫీజు కట్టేటప్పుడు ప్రాణం లేచొచ్చింది. బాపు ఆర్టీసీలో కండక్టర్. డిపోలో ఎవరైనా ‘బిడ్డ ఏం చదువుతోంది’ అని అడిగితే ‘కంప్యూటర్ల మీద డిజైనింగ్’ అని చెప్పేవాడు. కంప్యూటర్ అనే మాట ముందు పెడితే రెండో ప్రశ్న రాదని ఆయన లెక్క.

లండన్‌లో చదువు గురించి చెప్పేటప్పుడు అందరూ మ్యూజియంలతో మొదలుపెడతారు. నాకు ముందుగా గుర్తొచ్చేది ఫోమ్ బోర్డు ధర. వారానికి ఇరవై గంటలకు మించి పని చేయకూడదని వీసా రూలు. ఆ ఇరవై గంటలూ ఒక శాండ్‌విచ్ దుకాణంలో నిలబడి సంపాదించింది సగం అద్దెకు, సగం ప్రింట్లకు పోయేది. ఇంజినీరింగ్ చేయడానికి వచ్చిన మన పిల్లలు లాప్‌టాప్ ఒకటి ఉంటే ఏడాది గడిపేస్తారు. మాకు వారం వారం కాగితం, కార్డు, గుడ్డ, ప్లైవుడ్డు కొని, కోసి, పాడుచేసి, మళ్లీ కొనాలి. పాడుచేయకపోతే ‘నువ్వు రిస్క్ తీసుకోవట్లేదు’ అంటారు. ఆ రిస్క్ పౌండ్లలో ఎంతవుతుందో బాపుకు ఫోన్లో చెప్పే ధైర్యం నాకు లేకపోయేది.

ఇక క్రిట్. గోడకు నీ పని తగిలించి నిలబడతావు, చుట్టూ పదిహేను మంది కూర్చుని చూస్తారు, ఒక్కొక్కరు మాట్లాడతారు. మన బళ్లలో పని బాగాలేకపోతే బాగాలేదనే అంటారు, ఒక్కోసారి చింపేస్తారు కూడా. అక్కడ అలా కాదు. ‘ఇంట్రెస్టింగ్’ అంటారు. మొదటి నెలంతా ఆ మాట విని నేను పొంగిపోయాను. అది నచ్చనప్పుడు అనే మాట అని నవంబర్‌లో గానీ అర్థం కాలేదు.

నా మొదటి ప్రాజెక్ట్ బట్టలుతికే మెషీన్ గురించి. నేనున్న బిల్డింగ్ కింది అంతస్తులో అందరికీ కలిపి కాయిన్లు వేసే మెషీన్లుండేవి. మొదటిసారి కాయిన్లు వేసి, ఏ మీట ముందు నొక్కాలో తెలియక 3 పౌండ్లు పోగొట్టుకున్నాను. బట్టలు పొడిగా అలాగే ఉన్నాయి. తర్వాత రెండు వారాలు అక్కడ ఒక మూల కూర్చుని, వచ్చిన ప్రతివాళ్లూ ఎక్కడ తడబడుతున్నారో రాసుకున్నాను. ఆ దేశంలోనే పుట్టినవాళ్లు కూడా తడబడ్డారు. సూచనల బోర్డంతా మార్చి గీశాను, కాయిన్ వేసే చోటును ఆఖరి మెట్టుగా చూపించాను. ఇప్పుడు చూసినా ఆ పని నాకు తప్పుగా అనిపించదు.

క్రిట్‌లో మా ట్యూటర్ చాలాసేపు చూసింది. మంచి మనిషి, అబద్ధం ఆడకూడదు. ‘నీట్‌గా ఉంది. కానీ ఇందులో నువ్వెక్కడ?’ అంది. ఆ మూడు పౌండ్లు నావే అని నోటిదాకా వచ్చింది. అనలేదు. ఆమె ఏం అడుగుతోందో నాకు అర్థమైంది. మా గుంపులో మాంచెస్టర్ దగ్గర్నుంచి వచ్చిన అబ్బాయి కుర్చీ కాలు ఒకదాని మీద మూడు నెలలు పని చేశాడు. ‘ఇందులో మీ ఊరెక్కడ’ అని అతన్ని ఎవరూ అడగలేదు. అతనికి కుర్చీ చాలు. నాకు కుర్చీతో పాటు ఒక దేశం కూడా మోయాలి.

ఈ మోత నాకొక్కదానికే కాదు. పక్క గదిలో ఉండే చైనా అమ్మాయి ఆ టర్మ్ అంతా కుంచెతో పెద్ద పెద్ద అక్షరాలు రాసి గోడ నింపేసింది. అందరూ మెచ్చుకున్నారు. ఆ రాత్రి వంటింట్లో నూడుల్స్ ఉడికిస్తూ, ‘బడిలో ఈ కుంచె రాతలో నాకెప్పుడూ అత్తెసరు మార్కులే. మా టీచర్ ఇది చూస్తే ఏడుస్తుంది’ అని నవ్వింది. నవ్వుతూనే ప్లేటు పట్టుకుని గదిలోకి పోయింది, రోజూలా నా పక్కన కూర్చోలేదు.

కొత్తవాడలో జరిగింది

ఈస్టర్ సెలవులకు వరంగల్ వచ్చాను. శాండ్‌విచ్‌ల డబ్బుతో టికెట్. వరంగల్‌లో నేతగాళ్లుండే కొత్తవాడ జంపఖానాల మీద ప్రాజెక్ట్ చేస్తానని ట్యూటర్‌కు చెప్పగానే ఆమె మొహం వెలిగిపోయిన తీరు నాకు ఇంకా గుర్తుంది. జంపఖానా అంటే నాకు ఏం తెలుసు? పెండ్లిళ్లలో, బడి వార్షికోత్సవాల్లో నేల మీద పరిస్తే కూర్చున్నాను. మా తాత ఆజం జాహి మిల్లులో పని చేశాడు. మా ఇంటి జ్ఞాపకాల్లో మగ్గం కంటే మిల్లు సైరనే ఎక్కువ వినిపిస్తుంది. నిజాం 1934లో పెట్టిన మిల్లు అది, మూతపడే నాటికి ఎన్ని ఇళ్లు దాని మీద బతికాయో ఆ చుట్టుపక్కల వాడలకు తెలుసు. అది కూడా వరంగల్ బట్టల చరిత్రే. కానీ మిల్లు మీద ప్రాజెక్ట్ చేస్తానంటే ట్యూటర్ మొహం అలా వెలిగేది కాదని నాకు తెలుసు. మిల్లులు మాంచెస్టర్‌లో చాలానే ఉన్నాయి.

కొత్తవాడలో ఒక పెద్దాయన ఇంట్లో మగ్గం ముందు కూర్చున్నాను. ఎండ మండిపోతోంది. మగ్గం మీద బూడిద రంగు, తెలుపు కలిసిన మెలికల డిజైన్ నడుస్తోంది. చాలా అందంగా కనబడింది. నోట్‌బుక్ తీశాను.

‘తాతా, ఈ డిజైన్ మీ ఇంట్ల ఎన్ని తరాల నుంచి నేస్తున్నరు?’

‘తరాలేంది బిడ్డా! మొన్న దసరాకు వచ్చింది. ఢిల్లీ సేటు ఫోన్ల ఫోటో పంపిండు. గిట్ల నెయ్యమన్నడు, నేస్తున్నం.’

ఆ ఫోటో చూపించాడు. ఏదో విదేశీ దుకాణంలో తెల్ల గోడ, తెల్ల సోఫా, కింద ఆ జంపఖానా లాంటిదే ఒకటి. అంటే యూరప్‌లో ఎవరో గీసింది ఢిల్లీ మీదుగా కొత్తవాడకు వచ్చింది, దాన్ని వరంగల్ సంప్రదాయం అని రాసుకుని తిరిగి యూరప్ తీసుకుపోవడానికి నేను వచ్చాను. ‘నాకైతే ఈ రంగు నచ్చది. పెండ్లింట్ల పరిస్తే ఎవరో పోయిన్రనుకుంటరు’ అన్నాడాయన. కాసేపటికి ఆయనే, ‘ఇంతకూ నువ్వేం చదువుతున్నవ్ బిడ్డా?’ అని అడిగాడు. డిజైన్ అని చెప్పాను. ‘అంటే ఫోటోలు పంపే పనా?’ అన్నాడు. వెటకారం ఏమీ లేదు, నిజంగానే అడిగాడు.

ఆ రోజు ఆయన నాకు ఇంకా చాలా చెప్పాడు. పేక (అడ్డం నూలు) పడుగును (నిలువు నూలును) పూర్తిగా కప్పేస్తుంది కాబట్టి జంపఖానాకు అడుగూ పైనా తేడా ఉండదు, ఒకవైపు మాసిపోతే తిప్పి వేసుకోవచ్చు. మగ్గం ఎంత వెడల్పో గుడ్డ అంతే, దానికి మించి కావాలంటే వేరే మగ్గం, పక్కన ఇంకో మనిషి. అడ్డచారలు ఎందుకు ఎక్కువంటే పేకను అటూ ఇటూ తీసుకుపోయే నాడెలో నూలు మారిస్తే చార వస్తుంది, నిలువు గీత కావాలంటే పని మూడింతలు. నేను ఉండాల్సిన చోటు అదే, నేను నేర్చుకోవాల్సింది అదే. నా రిపోర్టులో మాత్రం ‘తరతరాలుగా వచ్చిన జ్యామితీయ భాష’ అని రాశాను. ఢిల్లీ సేటు ఫోటో సంగతి రాయలేదు. ఆ ప్రాజెక్ట్‌కు మంచి మార్కులొచ్చాయి. డిగ్రీ షోలో గోడంతా నాకిచ్చారు, పోస్ట్‌కార్డులు అయిపోయాయి. ఫోన్లో చెబితే బాపు, ‘జంపఖానాలకు గూడ అంత ఉంటదా’ అని ఆశ్చర్యపోయాడు.

అది అబద్ధమా అంటే పూర్తి అబద్ధం కాదు. ఆ డిజైన్ కాకపోయినా పాతవి ఉన్నాయి కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అయితే నన్ను ఎవరూ బలవంతం చేయలేదు. ఏ వరంగల్ కావాలో వాళ్లు అడిగారు, నేను దాన్ని తయారుచేసి ఇచ్చాను. తప్పులో వాళ్ల వాటా ఎంతో నా వాటా అంతకంటే ఎక్కువ.

పాత కథ

అక్కడి లైబ్రరీలో చదువుతుంటే తెలిసింది, ఈ కథ నాతో మొదలవలేదని. 1851లో లండన్ హైడ్ పార్కులో గాజు భవనం కట్టి ప్రపంచ వస్తువులన్నీ ప్రదర్శనకు పెట్టారు కదా, అందులో వరంగల్ తివాచీలు కూడా ఉన్నాయి. ప్రదర్శన అయ్యాక 5,000 పౌండ్లతో కొన్ని వస్తువులు కొని, తమ డిజైన్ బడి పిల్లలు చూసి నేర్చుకోవడానికి దాచారు. అందులో చెప్పుకోదగ్గ భాగం మన దేశం వస్తువులే. ఇప్పటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి మొదలు అదే. అప్పటి ఇంగ్లిష్ ఫ్యాక్టరీ తివాచీల మీద నిజం పువ్వుల్లా ఉబ్బెత్తుగా కనబడే గులాబీలు వేసేవాళ్లు. నడిచే చోట పూలు పరిచినట్టు గీయడం తప్పని, నేల మీద పరిచే గుడ్డకు చదునైన డిజైనే సరైనదని అక్కడి పెద్దలు మన తివాచీలు చూపించి పాఠం చెప్పారు. ఓవెన్ జోన్స్ లాంటి అప్పటి పేరున్న డిజైనర్లు మన అలంకరణను ఆకాశానికి ఎత్తారు.

మెచ్చుకోవడం నిజం. మెచ్చుకుని ఏం చేశారన్నదీ నిజమే. 1866లో ఫోర్బ్స్ వాట్సన్ అనే ఆయన మన దేశం గుడ్డలను ముక్కలు ముక్కలుగా కోసి, 700 నమూనాలు 18 సంపుటాల్లో అంటించి, బ్రిటన్‌లో మిల్లులున్న పట్టణాలకు పంపాడు. మనవాళ్లకు ఏం నచ్చుతుందో చూసి మిల్లుల్లో నేసి మనకే అమ్మడానికి. ఆ లెక్కన ఢిల్లీ సేటు ఫోన్లో పంపిన ఫోటో కొత్తదేమీ కాదు, అటు పోయింది ఇటు తిరిగొచ్చింది.

ఇదంతా ఎందుకంటే, ఆ బడుల్లో మొదటి నుంచీ ఒక పని విభజన ఉంది. నమూనా మన దగ్గర్నుంచి, ఆలోచన వాళ్ల దగ్గర్నుంచి. మా ట్యూటర్‌కు ఆ ఉద్దేశం లేదు. ఆమె నిజంగానే నన్ను నా ఇంటి గురించి మాట్లాడనివ్వాలనుకుంది, ఆమె తరం టీచర్లు దానికోసం పోట్లాడారు కూడా. కానీ గోడ మీద నా పని ఏ వరుసలో కూర్చుందో చూస్తే ఆ పాత విభజనే కనబడింది. కుర్చీ కాలు ‘డిజైన్’ అయింది, నా జంపఖానా ‘కల్చర్’ అయింది.

నాకు నేనే అడ్డం తిరిగితే

ఇంత రాశాక నా మీద నాకే అనుమానం. మా తమ్ముడికి ఇది చదివి వినిపిస్తే, ‘అయితే వైకుంఠం గారు తెలంగాణ ఆడవాళ్లను గీయకపోయి ఉండాల్సిందంటవా?’ అన్నాడు. మంచి దెబ్బ. తోట వైకుంఠం పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టి, హైదరాబాద్‌లో చదివి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకుని, తర్వాత ఆ పెద్ద బొట్ల దగ్గరికి, ఆ చీరల రంగుల దగ్గరికి వచ్చారు. ఆ బొమ్మలు ఎవరో అడిగితే వేసినవిగా నాకు ఎప్పుడూ అనిపించలేదు. అదే జిల్లా అన్నవరంలో 1915లో పుట్టిన పి.టి. రెడ్డి బొంబాయి జేజే స్కూల్లో చదివి, ఒక శైలికి కట్టుబడకుండా తాంత్రిక చిహ్నాల దాకా పోయారు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ కరీంనగర్ మనిషి అని అడగడమే తప్పు. కాబట్టి ఊరిని గీయొద్దని నేను అనడం లేదు. ఆర్డర్ మీద గీయొద్దంటున్నాను. అయితే ఇరవై రెండేళ్ల పిల్లకు తనకు నచ్చి గీస్తున్నదేదో, ఎదుటివాళ్లకు నచ్చుతుందని గీస్తున్నదేదో విడదీయడం చేతనవుతుందా? నాకు కాలేదు.

ఇంకో అనుమానం దీనికంటే బరువైనది. 2018లో వరంగల్ జంపఖానాలకు జీఐ ట్యాగ్ వచ్చింది. అంటే ఈ వస్తువు ఈ ఊరిదే అని చట్టం ఒప్పుకోవడం. నేను లండన్‌లో విసుక్కున్న ‘మీ ఊరి సంప్రదాయం’ అనే మాటే కొత్తవాడలో మగ్గం మీద కూర్చున్నవాళ్లకు, పవర్‌లూమ్ నకళ్ల నుంచి కాపాడుకోవడానికి ఉన్న కొద్ది అడ్డుకట్టల్లో ఒకటి. నా బాధ గోడ మీద ఏ వరుసలో ఉన్నానన్నది. వాళ్ల బాధ వచ్చే నెల ఆర్డర్. ఈ రెండూ ఒక తక్కెడలో పెట్టి తూయడానికి నాకు సిగ్గేస్తుంది.

ఆ ఫీజుల సంగతీ ఉంది. లక్షలు పోసి అప్లై చేస్తున్న పిల్లకు ‘సీటు రాకపోయినా సరే నిజాయితీగా ఉండు’ అని చెప్పడం నా లోన్ తీరిపోయాక తేలికే. కన్సల్టెన్సీ మేడమ్ చెప్పింది తప్పు సలహా కావచ్చు గానీ, గుడ్డిగా చెప్పింది మాత్రం కాదు. బతుకమ్మకు సీటు వస్తుందని ఆమె చూసే ఉంటుంది.

అయినా నా మాట మీద నేను నిలబడటానికి ఒక కారణముంది. ఆ ఐదు పేజీల్లో బతుకమ్మను ఆ అమ్మాయి చూడనే లేదు. బతుకమ్మ ఎలా నిలబడుతుందో ఎప్పుడైనా గమనించారా? సిబ్బి మీద గుమ్మడాకులు పరిచి, చుట్టూ తంగేడు పెట్టి, గునుగు కాడలన్నీ ఒకే కొలతకు కోసి కట్టలు కట్టి వరుసలు పేరుస్తారు. మధ్యలో ఖాళీని కోసి పడేసిన ఆకులతో, కాడలతో దట్టంగా కూరుతారు. పైకి పోయేకొద్దీ చుట్టు తగ్గాలి. నెత్తిన పెట్టుకుని పద్మాక్షి గుట్ట దాకా నడిస్తే ఒరగకూడదు, నీళ్లలో వదిలితే కాసేపు తేలాలి, తర్వాత కరిగిపోవాలి. మా అమ్మ చేతి కొలతతో అరగంటలో చేసే ఆ పనిలో బరువు, బిగువు, బ్యాలెన్స్ అన్నీ ఉన్నాయి. సెంటు సీసా మూతలో వాటిలో ఒక్కటీ లేదు. పైన ఉన్న ఆకారం ఒక్కటే ఉంది.

1958లో అమెరికా నుంచి చార్ల్స్, రే ఈమ్స్ అనే భార్యాభర్తలు మన ప్రభుత్వం పిలిస్తే వచ్చి, దేశమంతా తిరిగి ఒక నివేదిక రాశారు. దాని తర్వాతే 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ) వచ్చింది. వాళ్లు చూసినవాటిలో తమకు అన్నిటికంటే నచ్చింది మన చెంబు అని రాశారు. ఎందుకు నచ్చిందో చెప్పిన తీరు చూడండి: ఎన్ని నీళ్లు పట్టాలి, చేతికి ఎలా అందాలి, నెత్తి మీదా నడుం మీదా ఎలా కుదరాలి, నీళ్లు ఎలా వంపాలి, తోమడానికి ఎలా ఉండాలి. పరదేశీయులు చెంబును చెంబుగా చూశారు. మన పిల్లలు అదే చెంబును లోగో చేస్తున్నారు.

చేర్యాల బొమ్మల మీద కూడా నాకు ఇదే గొడవ. ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి పట్టించి, గజాల కొద్దీ పొడుగున కథంతా వరుసగా గీస్తారు. కథ చెప్పేవాళ్లు ఊళ్లో రాత్రిపూట దాన్ని విప్పుకుంటూ పాడాలి, దూరంగా కూర్చున్నవాళ్లకు ఎవరు ఎవరో తెలియాలి. బొమ్మల వెనక ఎర్రటి రంగు, పెద్ద కళ్లు, అందుకు పనికొచ్చేవే. ఆ కళ్లను కోసి ఫోన్ కవర్ మీద అతికిస్తే ఎవరికి ఏ కథ తెలుస్తుంది?

నా దృష్టిలో 21వ పేజీ ఆ అమ్మాయి పోర్ట్‌ఫోలియోలో అసలైన వరంగల్ పేజీ. అందులో పువ్వు లేదు, తోరణం లేదు. మెడికల్ షాపు కత్తెర ఉంది, నానమ్మ మడిచిన మూల ఉంది. లండన్‌లో కూర్చున్నవాళ్లు ఇలాంటి పేజీ అడిగి ఉండరు, అడగాలని కూడా వాళ్లకు తెలియదు.

తర్వాత

పది రోజులకు ఆ అమ్మాయి కొత్త పీడీఎఫ్ పంపింది. ఇప్పుడు 22 పేజీలు. మందుల కవర్ మొదటి పేజీకి వచ్చింది. బతుకమ్మలు రెండు మిగిలాయి. ఒకటి కొత్తది, నిలువునా కోసినట్టు గీసి లోపల ఆకులు ఎలా కూరతారో చూపించింది. గీత కొంచెం తొందరపాటుగా ఉంది గానీ పనికొస్తుంది. రెండోది పాత టేబుల్ లైటే. ‘అది మా అమ్మకు ఇష్టమక్కా, తియ్యను’ అని రాసింది. తియ్యమని నేను మళ్లీ అనలేదు. కింద ఇంకో లైను: ‘అక్కా, నీ వెబ్‌సైట్ చూసిన. ఫస్ట్ పేజీల జంపఖానాలే ఉన్నయి కదా?’

ఉన్నాయి. ఆరేళ్లుగా అవే ఉన్నాయి. బట్టల మెషీన్ ప్రాజెక్ట్ పెడదామని పాత హార్డ్ డిస్క్ అంతా వెతికితే మసక ఫోటోలు నాలుగు దొరికాయి. మంచివి కావాలంటే ఆ మెషీన్ దగ్గరికే పోవాలి.

పోయిన వారం ఆ మొదటి పేజీ చూసే హైదరాబాద్ నుంచి ఒక హోటల్ వాళ్లు ఫోన్ చేశారు. లాబీకి జంపఖానాలు కావాలట. ‘ఇవి తాతల నాటి డిజైన్లేనా మేడమ్?’ అని అడిగారు. ఆ బూడిద రంగుది ఢిల్లీ సేటు ఫోన్లో పంపిన ఫోటో చూసి నేసిందని చెప్పాను. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత ‘ఇంట్రెస్టింగ్’ అన్నారు.